ఆమె పేరు మీద నేను వేసిన బిల్లులు

అనువాదకుడిగా నేను తెలిసి తెలిసి వదిలేసిన మాట ఒక్కటే. తెలియక వదిలేసినవి ఎన్నో ఉండి ఉంటాయి, వాటి గురించి దిగులు లేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం విన్నాను. అర్థమైంది. నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఏళ్ళ తరబడి అది లోపలే ఉంది, అరగలేదు, బయటికీ రాలేదు. ఆ బరువుతోనే తిన్నాను, పని చేశాను, నలుగురికీ సలహాలు చెప్పాను.

సలహాలు అన్నాను కదా. మీలో చాలామందికి నేను అలాగే తెలుసు. అనువాదాలు చేసుకుని బతికేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా కొత్తగా చేరితే "బిల్లుల సంగతి సారుని అడగండి" అంటారు. ఇన్‌వాయిస్ ఎలా వేయాలి, పాన్ నంబరు ఎక్కడ రాయాలి, సంస్థవాళ్ళు పన్ను కోసుకుని మిగతాది పంపితే ఆ కోసుకున్నది ఎలా రాబట్టుకోవాలి, జీఎస్టీ ఎప్పుడు అవసరం, ఎప్పుడు అక్కర్లేదు. ఓపిగ్గా చెబుతాను. ఆ సారే ఇది రాస్తున్నాడు. పేరు పెట్టను. పిరికితనం అనుకుంటే అనుకోండి. నా పేరు దొరికితే ఆమె పేరూ దొరుకుతుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరుని నేను ఇప్పటికే చాలా వాడుకున్నాను.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. మీ జాలి నాకు వద్దు. "పోనీలెండి సార్, ఇప్పుడైనా ఒప్పుకున్నారు" అని ఎవరూ రాయకండి. అలా రాస్తారనే భయంతోనే ఇన్నాళ్ళు రాయలేదేమో అని కూడా ఒక్కోసారి అనుకుంటాను. కాదు. అది నేను నాకు చెప్పుకునే మంచి కారణం. అసలు కారణం అంత మంచిది కాదు.

మా నాన్న మైదానం నుంచి సరుకు తెచ్చి అరకు సంతలో అమ్మి, కొన్నాళ్ళకి అక్కడే దుకాణం పెట్టాడు. ఏజెన్సీలో మాలాంటి గిరిజనేతరుల పేరు మీద స్థలం ఉండకూడదని చట్టం. అందుకని దుకాణం ఒక గిరిజనుడి పేరు మీద ఉండేది. మా వీధిలో చాలా దుకాణాలు అంతే. దసరాకి ఒక కొత్త పంచె, ఒక నూనె డబ్బా. అదే ఆ పేరుకి అద్దె. ఆ పెద్దాయన సంత రోజున కొండ దిగి వచ్చి, తన పేరు మీదున్న దుకాణం ముందు అందరితో పాటు నిలబడి ఉప్పు కొనుక్కునేవాడు. డబ్బులు ఇచ్చే కొనుక్కునేవాడు. నాకది వింతగా అనిపించలేదు. పిల్లాడికి అనిపించకపోతే సరే. పెద్దయ్యాక కూడా అనిపించలేదే, దానికేం చెప్పాలి? పేరు ఒకరిది, వ్యాపారం ఇంకొకరిది. లోకం నడిచే పద్ధతే అది అనుకున్నాను. ఇదంతా మా నాన్న మీదికి నెట్టడానికి చెప్పడం లేదు. ఆయనకి సంతకం పెట్టడం తప్ప కాగితాల సంగతి తెలియదు. నాకు అన్నీ తెలుసు. అలవాటు ఆయన దగ్గర తెచ్చుకున్నాను. తప్పు నేను సొంతంగా చేశాను.

ఆమెది అరకుకి పైన, జీపు దిగాక ఇంకా నడవాల్సిన ఊరు. గిరిజన హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివింది. తెలుగు బాగా వచ్చు. ఇంటి భాష కువి. నాకు సంతలో అందరూ మాట్లాడే ఆదివాసీ ఒడియా వచ్చు, కువి వింటే కొంత తెలుస్తుంది, నోరు తిరగదు. విశాఖలో ఒక సంస్థ గిరిజనుల ఆరోగ్యం మీద కరపత్రాలు, సర్వే ప్రశ్నలు, రేడియోలో వినిపించే మాటలు మాకు పంపేది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి నేను, తెలుగు నుంచి కువిలోకి ఆమె. రాసిన ప్రతి ముక్కా వాళ్ళమ్మకి చదివి వినిపించేది. ముసలామె ముఖం చూసి మాటలు మార్చేది. ఒకసారి ఒంట్లో రక్తం తగ్గిపోవడం గురించి చదివితే, "ఎవులు తాగీసినారు?" అని అడిగిందట వాళ్ళమ్మ. మేమిద్దరం ఫోన్లో నవ్వుకున్నాం. ఆ కరపత్రం ఆమె మళ్ళీ మొదటి నుంచి రాసింది. నన్ను అన్నియా అనేది. నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఈ పిలుపులు ఎంత తేలిగ్గా నోట్లో తిరుగుతాయో!

పని పెరిగింది. నా బిల్లులు జీఎస్టీ తీసుకోవాల్సిన హద్దు దగ్గరికి వచ్చాయి. అది దాటితే రిజిస్ట్రేషను, నెలనెలా ఫారాలు. అదే సమయంలో సంస్థవాళ్ళు, గిరిజన మహిళలు నడిపే చిన్న సంస్థలుంటే పని ముందు వాళ్ళకే ఇస్తామన్నారు. నేను ఏమైనా ఆలోచించానా? లేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెట్టేది. ఇంకొకరి పేరు తీసుకోవడం నాకు ఆలోచించాల్సిన పనిలాగే తోచలేదు, గల్లాపెట్టె ఏ పక్కకి తెరుచుకుంటుందో చూడకుండానే మా నాన్న చేతికి తెలిసినట్టు, నా చేతికి తెలిసిపోయింది.

ఆమె ఆధార్, ఆమె పాన్ పెట్టి ఆన్‌లైన్లో వ్యాపార రిజిస్ట్రేషను చేశాను. ఓటీపీ ఆమె ఫోనుకి వెళ్తుంది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేదు. ఊరి వెనక బండ మీదికి ఎక్కితే అందుతుంది. నా కోసం ఎక్కింది. గాలి హోరులో, అంకెలు ఒక్కొక్కటీ విడివిడిగా, నాకు తప్పుగా వినపడకూడదని రెండోసారి కూడా చదివింది.

"ఇదేటికి, అన్నియా?" అంది.

"నీ డబ్బులు నేరుగా నీ ఖాతాలో పడడానికి" అన్నాను.

పూర్తి అబద్ధం కాదు. ఖాతా ఆమెదే. దాని ఏటీఎం కార్డు నా పర్సులో ఉండేది. ఆమె పేరున పెట్టిన ఆ కొత్త సంస్థకి వాళ్ళ ఊరి కొండ పేరే పెట్టాను. ఆ పేరు చూసుకుని మురిసిపోయాను కూడా. ఆమె సంతకం స్కాన్ చేసి పెట్టుకుని ఇన్‌వాయిస్‌ల కింద అతికించాను. ఆమె చేసిన పనికీ, నేను చేసిన పనికీ, ఇంకా నేను పనిచేయించిన వేరేవాళ్ళ పనికీ, అన్నిటికీ బిల్లు ఆమె పేరు మీదే. అందులోంచి ఆమె పేజీల కూలి ఆమెకి ఇచ్చేవాణ్ణి, ఏ నెలా ఆలస్యం చేయకుండా. ఆలస్యం చేయనని గర్వంగా కూడా ఉండేది. చూడండి, మనిషి దేనికైనా గర్వపడగలడు!

విశాఖ సంస్థ కోసుకున్న పన్ను వెనక్కి రావాలంటే ఆమె పేరున రిటర్ను వేయాలి. వేశాను. వచ్చింది. తీసుకున్నాను.

దుకాణం మీద పేరు గోడకి అతుక్కుని ఉంటుంది. పాన్ నంబరు అలా ఉండదు, నడుస్తుంది. అక్కడి నుంచి ఆధార్‌కి, ఆధార్ నుంచి బియ్యం కార్డుకి, కార్డు నుంచి అందులో ఉన్న ప్రతి మనిషికీ వెళ్తుంది. ఇంట్లో ఒకరు ఇన్‌కమ్ టాక్స్ లెక్కల్లోకి వస్తే ఆ ఇంటికి కార్డు పోతుంది, పింఛను పోతుంది. ఈ సంగతి నాకు తెలియనట్టు ఇన్నాళ్ళూ అందరి దగ్గరా నటించాను. తెలుసు. ఇలాంటివి పేపర్లో చదివాను. ఇంత చిన్న రిటర్నుని ఎవరు చూస్తారులే అనుకున్నాను.

చూశారు. ఆ కార్డులో వాళ్ళమ్మ, తమ్ముడు, మరదలు, పిల్లలు అందరూ ఉన్నారు. బియ్యం ఆగాయి. వాళ్ళమ్మ పింఛను ఆగింది. ఆ ముసలామె చేతికి సొంతంగా వచ్చే డబ్బు అదొక్కటే. దానితోనే పొగాకు కొనుక్కునేది, మనవలకి సంతలో జంతికలు కొనిపెట్టేది, కొడుకు దగ్గర తలెత్తుకుని ఉండేది.

గ్రామ సచివాలయం నుంచి ఒక కుర్ర ఉద్యోగి ఊళ్ళోకి వచ్చాడు. పెద్దలు కూర్చునే రాళ్ళ దగ్గర అందరూ చేరారు. రమ్మని నాకు కబురు పెట్టింది ఎవరనుకున్నారు? ఆమే. నేనొస్తే తేలిపోతుందనుకుంది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరి మీద తగవు వచ్చిందో వాళ్ళు పెద్దల ముందు తమ మాట తాము చెప్పుకోకూడదు. ఇంకొకరు మోయాలి. మోయడం అనే అంటారు. మామూలుగా అయితే ఆఫీసు తెలుగుని పెద్దలకి విప్పి చెప్పేది ఆమే. ఆ రోజు తగవే ఆమె మీద. కాబట్టి నన్ను మోయమన్నారు.

ఉద్యోగి చెప్పాడు, ఆమె పేరు మీద లక్షల్లో బిల్లులున్నాయని, పన్ను రిటర్ను ఉందని. ఆ మాట మోశాను. పెద్దలకి ఒడియాలో శుభ్రంగా, ఒక్క ముక్క పోకుండా చెప్పాను. ఆమె తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఇన్నారా? మా అప్ప టాక్సు కట్టీసినంత పెద్ద మడిసైపోనాది! మాకు బియ్యమెందుకు, ఇంక నోట్లే ఒండుకు తింటాం!"

కొందరు నవ్వారు. వాళ్ళమ్మ నవ్వలేదు. కూతురి వైపు తిరిగి చూసింది, అంతే.

అప్పుడు ఆ కుర్రాడు నా వైపు వంగాడు. మంచివాడు. నన్ను అనుమానించలేదు. "సార్, చాలా చోట్ల ఇలాగే అవుతోంది. వీళ్ళ కార్డులు పెట్టి బయటివాళ్ళు వ్యాపారం చేసుకుంటున్నారు. ఈవిడ పేరు కూడా ఎవరైనా వాడుకుని ఉంటే, ఆ మనిషి ఒప్పుకుని రాసిస్తే నేను పైకి పంపుతాను. పింఛను మళ్ళీ రావచ్చు. అది కూడా చెప్పండి వీళ్ళకి" అన్నాడు.

పెద్దలు నా నోటి వైపు చూస్తున్నారు.

"ఆఫీసులో కనుక్కుంటానంటున్నాడు" అన్నాను.

ఆమె అవతల ఆడవాళ్ళ మధ్య, వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంది. తెలుగు వచ్చిన కుర్రాళ్ళు చాలామంది దిగువకి పనులకి పోయారు. తమ్ముడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్కతే వింది.

"అన్నియా, ఆ బాబు ఇంకో మాట అన్నాడు కదా. అది ఉండిపోనాది" అంది, తెలుగులో, మెల్లగా.

"అదేం పెద్ద మాట కాదులే, చెల్లెమ్మా" అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. ఎందుకు అనలేదు? ఈ ప్రశ్నతో చాలా కాలం కాపురం చేశాను. పద్ధతికి కట్టుబడిందా? పని ఇచ్చేవాణ్ణి పదిమందిలో నిలదీయలేకపోయిందా? వీటిలో ఏది నిజమైతే నాకు కాస్త తేలికవుతుందో దాన్నే నమ్మడానికి చూశాను. ఏదీ తేలిక చేయలేదు.

ఆ తర్వాత తమ్ముడు పొయ్యి వేరు చేశాడు. లక్షలు ఎక్కడ దాచావో చెప్పమని ఆమెను రోజూ సాధించాడట. వాళ్ళమ్మ కొడుకు మాటే నమ్మింది. కన్నతల్లి దగ్గర డబ్బు దాచిన మనిషి అని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పేరు పడిపోయింది. ఆమె అరకు వచ్చేసి టూరిస్టుల లాడ్జిలో వంటకి కుదిరింది. కువి పని ఉందని ఫోన్ చేస్తే "సెయ్యను" అని పెట్టేసింది. నేను ఆమె పేరున పెట్టిన సంస్థ రిజిస్ట్రేషను రద్దు చేయించి, బిల్లులు మళ్ళీ నా పేరు మీదికి తెచ్చుకుని, వేరే కువి మనిషిని వెతుక్కున్నాను. ఆ కరపత్రాలు ఏ ముసలామెకైనా చదివి వినిపించారో లేదో నాకు తెలియదు.

ఎందుకు చెప్పలేదు? జరిమానాకి భయపడా? జరిమానా కట్టగలను. విశాఖ సంస్థ పని పోతుందని, గ్రూపులో "సారు" అన్న పిలుపు పోతుందని. ఇంతే. ఇంత చిన్నది. ఒక మనిషిని తల్లి నుంచి విడదీసినదానికి కనీసం పెద్ద కారణమైనా ఉండాలి కదా అనిపిస్తుంది. లేదు.

మీలో చదువుకున్నవాళ్ళు అంటారు: ఒక కాగితం చూసి ముసలామె పింఛను ఆపేసే పద్ధతిది కాదా తప్పు? అవును, తప్పే. ఇంటికి వెళ్ళి కూడు ఉందో లేదో చూడకుండా కంప్యూటరు చెప్పిందని కార్డు కొట్టేయడం దుర్మార్గం. ఎక్కడైనా నిలబడి అంటాను, ఎవరికీ భయపడను. కానీ ఆ కంప్యూటరుకి ఆమె పేరు అందించింది నేను. పద్ధతిని తిట్టే హక్కు ఆమెకి ఉంది. నేను తిడితే అది దాక్కోవడం అవుతుంది. చాలా కాలం అలాగే దాక్కున్నాను కూడా, టీకొట్ల దగ్గర ప్రభుత్వాన్ని నా అంత గట్టిగా తిట్టినవాడు లేడు.

కొన్ని నెలల క్రితం గ్రూపులో రాజవొమ్మంగి నుంచి ఒకమ్మాయి అడిగింది. పని తనది, బిల్లు మాత్రం తన పిన్ని పేరు మీద వేయమంటున్నారట పని ఇచ్చేవాళ్ళు, ఏమైనా ఇబ్బందా సార్ అని. నా వేళ్ళు జవాబు టైపు చేసేశాయి: "ఏం ఫర్వాలేదమ్మా, అందరూ చేసేదే." పంపేముందు ఒకసారి చదువుకున్నాను. చదువుకుని ఫోను బోర్లా పెట్టాను. నేను తప్పు చేసి దాచుకున్న మనిషిని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కాదు. దాన్ని పంచిపెట్టేవాణ్ణి.

ఆ అమ్మాయికి వేరే జవాబు రాశాను, ఇక్కడ మీ అందరికీ అదే రాస్తున్నాను. ఎవరి పని వాళ్ళ పేరు మీద బిల్లు వేసుకోండి. పన్ను పడితే కట్టండి. హద్దు దాటితే రిజిస్ట్రేషను తీసుకోండి, చావరు. మీ ఓటీపీ మీ అన్నకి కూడా చెప్పకండి. ముఖ్యంగా చెల్లెమ్మా అని పిలిచేవాడికి.

తర్వాత సచివాలయానికి వెళ్ళి రాసిచ్చాను. ఆ కుర్రాడు బదిలీ అయిపోయాడు, ఇంకొకరున్నారు. ఆ ఆదాయం నాదని పన్ను ఆఫీసుకి రాసి, కట్టాల్సింది వడ్డీతో కట్టడానికి నా లెక్కలు చూసే మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. వాడు కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"నీకేటైనా పిచ్చెక్కిందేట్రా? ఎవుడడిగాడు నిన్ను? ఊరుకో, పాతబడిపోయిందది."

"ఆ ముసలామెకి పాతబడలేదు" అన్నాను.

"అరకులో నీ ఒక్కడిదేనేట్రా ఇలాటి యవ్వారం? అందరూ నీలాగే బయల్దేరితే సగం బజారు మూసీయాల."

"మూసేయనీ" అన్నాను. కాగితాలు తయారుచేశాడు, తిడుతూనే. విశాఖ సంస్థకి కూడా రాశాను. పని ఆపేశారు. ఆపనీ. వేరే మనిషి పేరు మీదున్న మా నాన్న దుకాణం గురించి కూడా ఇప్పుడు మా ఇంట్లో తగవు నడుస్తోంది. నడవనీ. పింఛను కాగితం పైకి వెళ్ళింది, ఇంకా కిందికి రాలేదు. వస్తుందని మీకు చెప్పలేను.

కాగితాలు అయ్యాక కూడా బరువు దిగలేదు. మాట మింగింది ఆఫీసులో కాదు కదా.

లాడ్జి వెనక ఆమె గిన్నెలు తోముకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. ఊరికి వస్తావా, పెద్దల ముందు చెబుతాను అన్నాను. చేతులు కడుక్కుంది. చాలాసేపు చీర కొంగుతో తుడుచుకుంది. "ఆ రోజు నువ్వు సెప్తావని సూసాను. బండ మీద కూకుని మర్నాడు కూడా సూసాను, ఫోన్ సేస్తావేమో అని" అంది. అంతే. నా ప్రశ్నకి జవాబు అది. ఆమె భయపడి ఊరుకోలేదు. నన్ను నమ్మి ఊరుకుంది.

వచ్చింది.

అవే రాళ్ళు. పెద్దల్లో ఒకరిద్దరు కొత్తవాళ్ళు. వాళ్ళమ్మ గడపలో కూర్చుని ఉంది, బయటికి రాలేదు. తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఒడియాలో మొదలుపెట్టబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. తగవు నా మీదే కాబట్టి నా మాట నేను మోయకూడదట. నిజమే. మర్చిపోయాను. ఎవరు మోస్తారు? తమ్ముడు నేల మీద ఉమ్మాడు.

"నాను మోత్తాను" అంది ఆమె.

ఒక పెద్దాయన ఒప్పుకోలేదు, ఆమె కూడా తగవులో మనిషే అన్నాడు. ఆమె అంది, ఆ రోజు తగవు నాది, ఈ రోజు ఈయనది.

నేను తెలుగులో ఒక్కో మాటే చెప్పాను. ఆమె వాళ్ళమ్మ గడపకి వినపడేలా కువిలో చెప్పింది. బిల్లులు నావి. డబ్బు నేను తీసుకున్నాను. ఆమె సంతకం నేను అతికించాను. ఆమెకి ఏమీ తెలియదు, ఆమె ఏమీ దాచలేదు. ఈ మాట తన గురించే అయినా, ఎవరో పొరుగూరి మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది, గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆ రోజు ఆ కుర్రాడు అన్న మాట, నేను మింగేసిన మాట, అదీ చెప్పాను. అది కువిలోకి వెళ్తుంటే నాకు కొంత అర్థమైంది. ఒక్క ముక్క పోలేదు. గడపలో ముసలామె నా వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వేయలేదు.

ఆమె నా వైపు తిరిగింది. "ఇంకేటైనా ఉండిపోనాదా, అన్నియా?"

"ఒకటుంది. ఇది నీకు. ఇది మోయక్కర్లేదు" అన్నాను. "నీ పేరుని నా దుకాణం చేసుకున్నాను. నీకు చెందాల్సిన మాట మింగి నిన్ను దొంగని చేశాను. తప్పు నాది. నన్ను క్షమించు, చెల్లెమ్మా. క్షమించకపోయినా ఇది నిజమే."

ఆమె ఊరివాళ్ళ వైపు తిరిగి, దాన్ని కూడా మోసింది.